నింద పడినవాళ్లకు ఒక దారి

అమెరికాలోని తెలుగు సంఘాల సంచికల్లో విలువల గురించి రాసేవాళ్లం పెద్దల్ని గౌరవించడం, పిల్లలకు తెలుగు నేర్పడం దగ్గరే ఆగిపోతాం. దుకాణంలో చేతివాటం చూపారని పట్టుబడ్డ మన పిల్లల గురించి రాయం. పరువు అడ్డొస్తుంది.

2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో, కొన్ని సరుకులకు డబ్బు కట్టకుండా బయటికొచ్చారన్న ఆరోపణ మీద ఇద్దరు తెలుగు విద్యార్థినులను పోలీసులు అరెస్టు చేశారు. ఆ వీడియో మన వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది. తిట్లకు కొదవ లేదు. ఇప్పుడు వాళ్లేం చెయ్యాలన్న మాటే కరువు.

ఆ దారి చట్టంలోనే ఉంది. న్యూజెర్సీలో సరుకు విలువ 200 డాలర్లలోపైతే కేసు మున్సిపల్ కోర్టుకు వెళ్తుంది. మొదటిసారి పట్టుబడ్డవాళ్లు అక్కడ కండిషనల్ డిస్మిసల్ అడగొచ్చు. ఏడాదిపాటు షరతులు పాటించి, మళ్లీ ఏ కేసులోనూ ఇరుక్కోకపోతే కేసు కొట్టేస్తారు. విలువ అంతకు మించితే పై కోర్టులో ప్రీట్రయల్ ఇంటర్వెన్షన్ అనే ఇలాంటి దారే ఉంది. ఇలాంటి వెసులుబాటు ఒక్కసారే.

వీసా మీద ఉన్నవాళ్లకు ఇందులోనే ఒక గొయ్యి ఉంది. కండిషనల్ డిస్మిసల్‌కు ముందు నేరం ఒప్పుకోవాలి, లేదా అది రుజువవ్వాలి. 1996 నాటి చట్టం ప్రకారం, నేరం ఒప్పుకుని కోర్టు షరతులకు లోబడితే, తర్వాత కేసు కొట్టేసినా ఇమిగ్రేషన్ వాళ్లు శిక్ష పడినట్టే లెక్కేస్తారు. ప్రీట్రయల్ ఇంటర్వెన్షన్‌లో చాలావరకు నేరం ఒప్పుకోనక్కర్లేదు. వీసా ఫారమ్‌లో అరెస్టయ్యారా అని కూడా అడుగుతారు. కాబట్టి "ఒప్పేసుకుని ఫైను కట్టెయ్, ఎవరికీ తెలీదు" అనే రూమ్మేట్ సలహా కొంప ముంచుతుంది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందా అన్నది చెప్పడం లాయరు బాధ్యత అని పడిల్లా కేసులో 2010లోనే అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. సంతకానికి ముందే అడగాలి.

ఈ దయ అమెరికా సొత్తేమీ కాదు. చిన్న దొంగతనంలో మొదటిసారి దొరికినవాణ్ని మందలించి వదిలేసే అధికారం 1958 నాటి ప్రొబేషన్ చట్టం మన కోర్టులకిచ్చింది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, తీసిన వస్తువు విలువ 5,000 రూపాయలలోపై, అది తిరిగిచ్చేస్తే మొదటిసారి దోషికి సమాజసేవే శిక్ష.

మా ఊరు కంచికచర్లలో 1968లో కోటేశు అనే దళిత యువకుడికి ఇవేవీ దక్కలేదు. దొంగతనం నింద మోపి, బతికుండగానే తగలబెట్టారు. విచారణ లేదు, లాయరు లేడు. ఆ పేరును కవిత్వంలో నిలబెట్టినవాడూ మా ఊరివాడే, కలేకూరి ప్రసాద్. ఊరి విలువలు తెచ్చుకున్నామని చెప్పుకునే మనం ఆ పేరు కూడా తెచ్చుకోవాలి. మన పిల్లకు అమెరికా జడ్జి దయ చూపాలని దణ్ణం పెట్టుకునే మనమే, ఇంట్లో ఉంగరం కనపడకపోతే ముందు పనిమనిషి కొంగు విప్పమంటాం.

సంఘం పెద్దలకు నా మనవి రెండే. క్రిమినల్ కేసులు, ఇమిగ్రేషన్ రెండూ తెలిసిన లాయర్ల నంబర్లు కొత్తగా వచ్చే విద్యార్థులకు మొదటి రోజే ఇవ్వండి. పట్టుబడ్డవాళ్ల వీడియో మీ ఫోనుకొస్తే ఇంకెవరికీ పంపకండి.