తెర మీద పాఠం

2020లో కరోనా వల్ల బడులు మూతపడ్డాక, ఆంధ్రప్రదేశ్‌లోని నెల్లిమర్లలోనూ, రాష్ట్రమంతటా చదువు ఫోన్లలోకి, టీవీల్లోకి చేరింది. టీవీ పాఠం చెబుతుంది గానీ పిల్లల సందేహం వినలేదు. వీడియో కాల్ వినగలదు, దాని బలమంతా అక్కడే ఉంది. టీచర్ గంటసేపు స్లైడ్లు చదువుతూ పోతే ఆ బలం వృథా అవుతుంది. అందుకే పది నిమిషాలకోసారి ఆగి, ఒకరిని పేరుపెట్టి పిలిచి ప్రశ్న అడగాలి. మాట అవతలికి చేరడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి జవాబు కోసం ఓపిక పట్టాలి.

ఇలాగైతే సిలబస్ పూర్తికాదని కొందరంటారు. అర్థంకాని పాఠాన్ని ఎలాగూ మళ్లీ చెప్పాల్సిందే కదా! సిగ్నల్ సరిగా అందని ఇళ్ల సంగతేమిటన్నది న్యాయమైన ప్రశ్న. వీడియో కన్నా మాటకు డేటా చాలా తక్కువ సరిపోతుంది. నోట్సు ముందే పంపి, అవసరమైతే కెమెరా ఆపి, స్పష్టమైన గొంతుతో పాఠం నడిపించండి.