మొక్కవోని కత్తి

ఎవరినైనా పొగడవలసి వచ్చినప్పుడు మనం ధారాళంగా వాడేసే మాట ఒకటుంది: "మొక్కవోని". మొక్కవోని ధైర్యం, మొక్కవోని దీక్ష, మొక్కవోని విశ్వాసం. సన్మానసభకి శాలువా ఎంత అవసరమో, సన్మానపత్రానికి ఈ మాట అంత అవసరం. ఈ మొక్కకీ, పెరట్లో మనం నీళ్ళు పోసే మొక్కకీ చుట్టరికం లేదు. మొక్కవోవడమంటే అంచు మొద్దుబారడం. అంటే ఇది అసలు కత్తిని గురించిన మాట. కొలిమి దగ్గర పుట్టి, ఎలాగో సభావేదిక ఎక్కి కూచుంది.

మరి మొక్కవోని కత్తి అంటూ లోకంలో ఎక్కడన్నా ఉందా?

మంచి కత్తి ఏదని నలుగుర్ని అడిగి చూడండి. ఒకాయన వాళ్ళబ్బాయి పట్టుకొచ్చిన స్విట్జర్లాండు చాకు తీసి చూపిస్తాడు. జర్మనీలోని సోలింగెన్ సరుకే సరుకంటాడు ఇంకొకాయన. జపాను కత్తి ముందు ఇవన్నీ దిగదుడుపేనని మూడో ఆయన తేల్చేస్తాడు. వంటింట్లో ఉన్నావిడ మాత్రం ఏ పేరూ చెప్పదు. "తెగేది" అని ఊరుకుంటుంది.

ఆవిడ ఒక్కమాటలో చెప్పిన జవాబుని, సుమారు రెండువేల నాలుగువందల ఏళ్ళ కిందట ప్లేటో తన 'రిపబ్లిక్'లో సోక్రటీసు చేత కాస్త విస్తరించి చెప్పించాడు. ద్రాక్షతీగ కొయ్యాలంటే బాకుతోనూ కొయ్యవచ్చు, ఉలితోనూ కొయ్యవచ్చు. కానీ ఆ పనికోసమే చేసిన కత్తి కోసినంత బాగా మరేదీ కొయ్యదు. ఏ వస్తువు మంచితనమైనా అది చెయ్యవలసిన పనిలోనే ఉందని ఆయన వాదం.

ఇది మనకి ఎండాకాలం వస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆవకాయ ముక్కలు కొట్టే కత్తిని చూడండి. బరువు, మందం, చూడ్డానికి మోటు. దాంతో గడ్డం గీసుకోలేం. గడ్డం గీసుకునే కత్తితో ఆవకాయ కొట్టబోతే టెంక దగ్గరే దాని కథ ముగుస్తుంది. రెండూ మంచి కత్తులే. ఏది ఎక్కువ మంచిదంటే జవాబు లేదు.

అలాగని పేరుకి విలువ లేదనను. సోలింగెన్ అనే ముద్ర ఆ ప్రాంతంలో తయారైన సరుకు మీద తప్ప వెయ్యకూడదని జర్మనీలో 1938లో చట్టమే చేశారు. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో కత్తుల దుకాణం పెట్టి, 1891లో సైన్యానికి చాకులు ఇవ్వడం మొదలెట్టాడు. 1909లో తల్లి పోతే, ఆవిడ పేరు విక్టోరియా అని తన సరుకుకి పెట్టుకున్నాడు. 1921లో దానికి తుప్పు పట్టని ఉక్కు పేరు 'ఇనాక్స్' తోడై విక్టోరినాక్స్ అయింది. కన్నతల్లి పేరు పెట్టుకున్నవాడు నాసిరకం అమ్మడానికి కొంచెమైనా జంకుతాడు కదా!

కానీ పేరు వేరు, పదును వేరు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కూడా పారశీకం నించి వర్తకులు వచ్చేవారు. మన 'ఉక్కు' అన్న మాటే ఇంగ్లీషువాళ్ళ నోట 'వూట్జ్' అయిందంటారు. ఇలాంటి ఉక్కుతో చేసిన కత్తులు లోకంలో డమాస్కస్ కత్తులుగా చెలామణీ అయ్యాయి. పేరు ఆ ఊరికి పోయింది. ఇక్కడ కొలిమి ముందు చెమటోడ్చిన కమ్మరి పేరు ఏ కత్తి మీదా లేదు. అందుకని అవి తెగడం మానలేదు.

ఇంతకీ మొక్కపోవడం సంగతి. ఉక్కు ఎంత గట్టిదైతే కత్తి అంత మంచిదని మనమంతా అనుకుంటాం. గట్టితనాన్ని కొలవడానికి రాక్‌వెల్ అనే కొలత ఉంది. ఆ లెక్కన స్విస్ చాకు 55, 56 దగ్గర ఆగుతుంది. మంచి జపాను వంటకత్తులు చాలావరకు 60 దాటుతాయి. గట్టి ఉక్కుని బాగా పల్చగా నూరవచ్చు, పదునూ చాలాకాలం నిలుస్తుంది. కానీ పొరపాటున ఏ ఎముక మీదో, కొబ్బరిచిప్ప మీదో పడిందంటే వంగదు, అంచు పెచ్చు లేచిపోతుంది. మెత్తటి ఉక్కు అలా కాదు. త్వరగా అంచు మడతపడుతుంది, కాసేపు రాయి మీద లాగితే మళ్ళీ లేచి నిలబడుతుంది. కమ్మరికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఎర్రగా కాలిన కత్తిని నీళ్ళలో ముంచి గట్టిపరిచాక, అక్కడితో వదిలెయ్యడు. వదిలేస్తే గాజులా పెళుసుబారుతుంది. మళ్ళీ కాస్త వేడిచేసి, కావాలని దాని మంకుతనం కొంత తగ్గిస్తాడు.

అంటే ఏమైందన్నమాట? మొక్కవోని కత్తిని ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. అలాంటిది ఒక్కచోటే కనిపిస్తుంది, అద్దాల బీరువాలో. పనిలోకి దిగిన కత్తి ఏదైనా మొక్కపోతుంది. తేడా అల్లా, మళ్ళీ పదునెక్కుతుందా లేదా అన్నదే.

మనుషుల మంచితనం విషయంలో ఈ తేడా మనం గమనించం. పైసా రాని కుర్చీలో ముప్ఫై ఏళ్ళు కూచుని, లంచం ముట్టలేదని చెప్పుకునే నిజాయితీ బీరువాలో కత్తి. దాన్ని తప్పు పట్టక్కర్లేదు, కానీ అది ఏమి కోసిందని? పొద్దుటినించీ రెండువందలమందికి జవాబు చెప్పి, సాయంత్రం నాలుగింటికి ఒక ముసలాయన మీద విసుక్కున్న గుమాస్తా ఉంటాడు. మర్నాడు ఆయన్ని పిలిచి కుర్చీ వేసి కూచోబెడతాడు చూడండి, నా లెక్కలో మంచి ఉక్కు అది. ఒక్కసారి విసుక్కున్నాడు కాబట్టి వాడు మంచివాడు కాడనడం ఎంత తేలికో, అంత అన్యాయం. ఇక ఒక్కసారి జారిన పాపానికి, తామింక ఎందుకూ పనికిరామని తమని తామే పారేసుకునేవాళ్ళున్నారు. వాళ్ళు పెళుసు ఉక్కు. పాపం, బాగా గట్టివాళ్ళే.

కత్తితో పోలిక ఇంకా లాగితే తెగుతుంది. ఎవరి చేతిలో ఉన్నానన్న బెంగ కత్తికి లేదు. కూర తరిగినా గొంతు కోసినా అది మంచి కత్తే. "పైవాళ్ళు చెప్పారు, చేశాను" అనే మనిషికి ఆ సౌకర్యం లేదు. పదునుతోబాటు ఎక్కడ తెగకూడదో తెలియడం కూడా మనిషి మంచితనంలో భాగం.

మొద్దు కత్తి అయితే ప్రమాదం లేదనుకోవడం కూడా భ్రమే. దానివల్లా వేలు తెగుతుంది. తెగదు కనక బలం పెడతాం, బలం పెడితే జారుతుంది. ఓపిక అరిగిపోయిన మనిషి మాటా అంతే, అనుకోనిచోట దిగుతుంది.

నూరడానికి ఖరీదు కూడా ఉంది. నూరిన ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది. పాతిక ముప్ఫై ఏళ్ళు వాడిన కత్తిపీటని చూడండి. కొత్తలో అరచెయ్యంత వెడల్పున్న కత్తి, నెలవంకలా సన్నబడి ఉంటుంది. ఆ పోయిన ఉక్కంతా ఎక్కడికి పోయిందంటే, ఇంటిల్లిపాదీ తిన్న కూరల్లో లెక్క చూసుకోవాలి. ప్రతి ఇంట్లోనూ అలా సన్నబడిన మనిషి ఒకరుంటారు. ఎవరెప్పుడు అడిగినా పదునుగానే ఉండాలని వాళ్ళ దగ్గర ఆశిస్తాం. వాళ్ళని మొక్కవోనివాళ్ళని పొగిడి, ఆ పొగడ్తతో మన బాధ్యత తీర్చేసుకుంటాం. ఆ పొగడ్త వాళ్ళకేం పనికొస్తుంది? ఒక పూట విశ్రాంతి ఇచ్చి, ఆ పూటకి కత్తిపీట ముందు మనం కూచుంటే పనికొస్తుంది.