దొరికితే మొదట ఏం చేస్తారు?

తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లోకి జనం దిగుతారు. అటు అనంతపురం జిల్లా వజ్రకరూరులోనూ అంతే. వానకు పైమన్ను కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి కదా, వాటిలో ఎక్కడైనా వజ్రం ఉందేమోనని వెతుకులాట. సద్దిమూట చెట్టు కింద పెట్టి, నడుం వంచి, నేలమీంచి చూపు తిప్పకుండా సాళ్ల వెంట నడుస్తారు. మెరిసిన ప్రతి రాయినీ కొంగుతో తుడిచి, ఎండకు పెట్టి చూస్తారు. చాలామంది ఉత్త చేతులతోనే ఇంటిదారి పడతారు. ఏ ఒక్కరికో అదృష్టం పండుతుంది.

దొరికితే ఏం చేస్తావంటే, రైతు నోట మేడ మాటో కారు మాటో ముందు రాదు. "అప్పు తీరుస్తా" అంటాడు. ఆ మాటంటే నాకు ఎంతో గౌరవం. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు 2,000, ఏడాదికి 24,000. ఏ బ్యాంకు డిపాజిట్ అంత రాబడి ఇస్తుంది? బంధువులు ఎన్ని సలహాలైనా చెప్పనీయండి, కలిసొచ్చిన డబ్బుకు అంతకన్నా మంచి దారి లేదు.

ఆ తర్వాతే బోరు, ఆ తర్వాతే పెళ్లిఖర్చు. అయితే వాటన్నిటికన్నా ముందు, తాకట్టులో ఉన్న ఇల్లాలి గాజులు విడిపించమని నా మనవి. విత్తనాలకు డబ్బు చాలనప్పుడు, మారుమాట లేకుండా చేతి నుంచి తీసి ఇచ్చింది ఆవిడే.