ఎవరి నోట్లో కళ్ళెం?

గుర్రం మీద కూచోవడం నేర్పేవాళ్ళు మొదట చెప్పేది ఎక్కడైనా దాదాపు ఒకటే: చూపు ముందుకి, భుజం, నడుం, మడమ ఒకే గీతలో, మడమ కిందికి. మామూలు నడకలో ఇదంతా సులువే. చిక్కంతా క్యాంటర్‌లో. అందులో మూడు దెబ్బలు వినిపిస్తాయి. ముందు ఒక వెనక కాలు, తర్వాత ఎదురు మూలల్లో ఉన్న రెండు కాళ్ళు ఒకేసారి, చివరికి ఒక ముందు కాలు. ఆ వెంటనే నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే క్షణం ఒకటి. వీపు ఉయ్యాలలా లేచి దిగుతుంటుంది. దానిమీద కదలనట్టు కనపడాలంటే నడుం కదులుతూనే ఉండాలి. బిగుసుకున్నవాడు ఎగిరెగిరి పడతాడు.

హైదరాబాదులో వారాంతాల్లో ఇది నేర్చుకుంటున్న నాకు భంగిమ కంటే ఆసక్తిగా తోచింది వేరే ఉంది: తూలినప్పుడు చెయ్యి చేసే పని. ఎవరి చెయ్యైనా పగ్గాన్ని లాగేస్తుంది. పగ్గం ఆ చివర గుర్రం నోరుంది, నాలుక మీదా పళ్ళు లేని చిగురు మీదా ఆనే ఇనుపముక్క ఉంది. చూసేవాళ్ళకి రౌతు నిలదొక్కుకున్నాడనే కనిపిస్తుంది. గుర్రం తలెగరేస్తే అది దాని పొగరు.

ఇంకొకరి నోరు పట్టుకుని నిలబెట్టుకున్నదాన్ని నిలకడ అనొచ్చా?

నిగ్రహం గురించి పెద్దలు చెప్పిన పోలికల్లో గుర్రం రథానికి కట్టి ఉంటుంది. కఠోపనిషత్తులో శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. ప్లేటో ‘ఫీడ్రస్’లోనూ ఒక సారథి, రెండు గుర్రాలు. రథంలో కూచున్నవాడికి గుర్రం వీపు తగలదు కదా, అందుకే పగ్గం బిగించడమే నిగ్రహం అయిపోయిందేమో. ప్లేటో లాగే సోక్రటీస్ దగ్గర తిరిగిన క్సెనోఫన్ మాత్రం గుర్రాలెక్కినవాడు. రౌతు కుర్చీలో కూచున్నట్టు కాదు, కాళ్ళు ఎడం చేసి నిలబడ్డట్టు ఉండాలని, బలవంతాన చేయించిన దాంట్లో అందం ఉండదని రాశాడు. నాకు ఈయన మాటే నమ్మబుద్ధేస్తుంది.

మా తెనాలి వైపు ఈ సంగతి జట్కావాళ్ళకి తెలుసు. జట్కాకి రెండే చక్రాలు. జనం వెనక్కి చేరితే ముందు కర్రలు లేచి, పొట్ట కింది తోలుపట్టీ గుర్రాన్ని పైకి గుంజుతుంది. మరీ ముందుకొస్తే బరువు వీపు మీద పడుతుంది. “కాస్త ముందుకి జరగండి బాబూ” అనేది అందుకే. ఎక్కినవాళ్ళకి అది ఇరుకు, గుర్రానికి ఊపిరి. (కొరడా సంగతి నేను మర్చిపోలేదు.) తెనాలి రామకృష్ణుడి పేరున చెప్పుకునే గుర్రం కథ తల్చుకోండి. గోడలు కట్టి, కన్నంలోంచి పిడికెడు గడ్డి పెడుతూ మాడ్చిన గుర్రం, చూడ్డానికొచ్చినాయన గడ్డం పట్టుకుంటుంది. నవ్వుతాం. గుర్రం ఆకలి మనకి గుర్తు రాదు.

రేపల్లెలో మా పెదనాన్న గారిది అలాంటి మెచ్చుకోలు నిలకడే. కోపం ఎరగని మనిషని ఊరంతా అంటుంది. ఆయన కాఫీ పది నిమిషాలు ఆలస్యం కాకుండా, అప్పులవాళ్ళ మాట ఆయన చెవిన పడకుండా, పిల్లల గొడవలు గది గడప దాటకుండా చూసుకునేది పెద్దమ్మ. గట్టిగా మాట్లాడే మనిషని పేరు మాత్రం ఆవిడకే వచ్చింది.

దీనికొక జవాబుంది: తూలినవాడు కావాలని లాగడు, ఆలోచన కంటే ముందే చెయ్యి లాగుతుంది, అలాంటప్పుడు తప్పెలా అవుతుంది? నిజమే, ఆ క్షణంలో తప్పు లేదు. కానీ ఆ క్షణానికి ముందు చాలా సమయం ఉంది. వియన్నా స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తవాళ్ళకి నెలల తరబడి పగ్గాలూ రికాబులూ ఇవ్వరు. గురువు పొడుగాటి తాడు పట్టుకుని గుర్రాన్ని తన చుట్టూ గుండ్రంగా తిప్పుతుంటే, కూచోవడమొక్కటే నేర్చుకోవాలి. చేతికి పట్టుకోవడానికి గుర్రం నోరు దొరకదు. భయం ఉంటుంది, కానీ ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంటుంది.

మొన్న సంక్రాంతి తర్వాత పెద్దమ్మ పది రోజులు బాపట్లలో కూతురి దగ్గర ఉండొచ్చింది. మూడో రోజు పెదనాన్న గారు ఫోన్లో అరవడం, మా ఇంట్లో అందరం మొదటిసారి విన్నాం.