ఎవరి నిశ్శబ్దం?

నిజామాబాద్‌లో మా ఇంటి ముందు ఆటోల హారన్లు, లోపల టీవీ, చేతిలో సెల్‌ఫోన్. ఒక వాక్యం పూర్తయ్యేలోగా మూడుసార్లు లేవాలి. కాస్త నిశ్శబ్దం దొరికితే చాలనుకుని బోధన్‌లో పెద్దమ్మ ఇంటికి వెళ్లాను.

శక్కర్‌నగర్ నిజంగానే నిశ్శబ్దంగా ఉంది. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. “ఎంత ప్రశాంతంగా ఉందో!” అన్నాను. పెద్దమ్మ బీడీల చేటలోంచి తల ఎత్తలేదు. “చెరుకు బండ్ల చప్పుడుకు నిద్ర పట్టకపోయేది బిడ్డా. ఆ చప్పుడే మాకు బువ్వ పెట్టింది” అన్నది.

సిగ్గుపడ్డాను. నాకు ప్రశాంతత అనిపించింది ఆ ఊరు పోగొట్టుకున్న బతుకు. అదీగాక, ఆడవాళ్లకు నిశ్శబ్దం కొత్తేమీ కాదు. నోరెత్తకపోవడాన్నే మర్యాదగా నేర్పారు మనకి.

అయితే నిశ్శబ్దం కోరుకోవడమే తప్పా? కాదు. నోరు మూయించే నిశ్శబ్దం వేరు, నా మాట నాకు వినిపించే నిశ్శబ్దం వేరు. స్త్రీ రాయాలంటే డబ్బూ, తనదైన గదీ కావాలని వర్జీనియా వూల్ఫ్ 1929లోనే చెప్పింది. కానీ నేను ఆ గది తలుపు వేసుకున్నప్పుడు బయట అంట్లు తోముతున్నది ఎవరు? పనమ్మాయా, అత్తమ్మా? ఒక ఆడమనిషి వీపు మీద మోపిన నిశ్శబ్దం నాదెలా అవుతుంది?

ఇప్పుడు రోజూ ఒక గంట ఫోన్ కట్టేస్తున్నాను. ఆ గంట వంటిల్లు మా ఆయనది. గొణుగుతాడు, గిన్నెలు చప్పుడు చేస్తాడు. ఆ చప్పుడులోనే ఇది రాశాను.

వెయ్యి బీడీల లెక్క తప్పని పెద్దమ్మకి మాత్రం ఆ గంట ఎవరిస్తారు?