నొప్పి లేనివానికి మందేల?

రక్తములో కొలెస్టరాల్ అను క్రొవ్వు హెచ్చినదని వైద్యుడు స్టాటిన్ బిళ్ళ వ్రాసియిచ్చి, ప్రతిదినము మ్రింగుమనును. "నాకు నొప్పి లేదు, జ్వరము లేదు, మందేల?" అని మనము అడుగుదుము. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో వేలకొలది సూక్ష్మజీవులను శోధించి, 1973లో ఒక బూజునుండి మొదటి స్టాటిన్‌ను కనుగొనెను. ఇది కాలేయములో కొలెస్టరాల్ తయారగుటను తగ్గించును. ఉత్తర ఐరోపాలో 4,444 మంది హృద్రోగులను సుమారు అయిదేండ్లు పరీక్షించిరి. 1994లో ఫలితము వెలువడెను. మందులేని బిళ్ళ మ్రింగిన సగముమందిలో 256 మంది, స్టాటిన్ మ్రింగిన సగముమందిలో 182 మంది చనిపోయిరి. అనగా నూటికి సుమారు పన్నెండు మరణములు ఎనిమిదికి తగ్గెను.

తప్పించుకొనిన ఆ నలుగురెవరు? ఎవరికిని తెలియదు, వారికే తెలియదు. రాని గుండెపోటును ఎవడు చూచెను? మందు మానిన దినమున కీడేమియు కనబడదు. అందుచేతనే మానుట సులభము.

అయినను కరవు రాకమునుపే యోసేపు ధాన్యము కూర్చెను. వరద రాకమునుపే రైతు గట్టు వేయును. దానిని అవిశ్వాసమని ఎవరందురు? మన ప్రాణముమీద ఇల్లాలును బిడ్డలును ఆధారపడియున్నారు గదా. ఫలము కంటికి కనబడకున్నను వారికొరకు చేయవలసిన పని యిది.

గుండెజబ్బు ఇంకను రానివారికి ఈ మేలు కొంత తక్కువ. కావున ఎవరికి అవసరమో వైద్యుడు తూచి చెప్పవలెను. కండరముల నొప్పి కలిగినయెడల ఆయనకు తెలుపుడి. మీయంతట మీరే మానివేయకుడి.