ఏనుగు మొర, ఉప్పెన రాత్రి

కార్తిక మాసం సాయంత్రాల్లో మా ఊరి గుడిలో పురాణం చెబుతుంటాను. మాది దివిసీమ. ఏ కథ వదిలినా గజేంద్ర మోక్షం మాత్రం వదలనివ్వరు. మొసలి పట్టు, ఏనుగు పెనుగులాట, బలం ఉడిగాక దేవుణ్ణి తలుచుకోవడం, తలుచుకుంటూనే అసలు ఉన్నాడో లేడో అని శంకించడం, ఆఖరికి విష్ణువు పక్కనున్న లక్ష్మికైనా చెప్పకుండా పరుగు తీయడం. వినేవాళ్ళ చేతులు వాటంతటవే జోడుకుంటాయి. ఒక ఏడు కథ ముగిసి ప్రసాదం పంచుతుండగా ఒక ముసలామె దగ్గరికొచ్చింది. సముద్రపొడ్డు పల్లె ఆమెది.

"ఏనుగు పిలిస్తే ఇన్నాడంట గదా పంతులుగారూ. ఉప్పెన రాత్రి మావోళ్ళంతా పిలిచారు. నా ఇద్దరు బిడ్డలూ పిలిచారు. అదీ కార్తీకమే. ఆయనకి ఇనపడలేదా?"

లోకంలో ఇంత చెడు ఉండగా దేవుడున్నాడని నమ్మడం కుదురుతుందా అని తత్త్వశాస్త్రం అడిగే ప్రశ్న ఇదే. ఇంతకన్నా సూటిగా ఎవరూ అడగ్గా నేను వినలేదు.

ఉప్పెన అంటే మా వైపు ఒక్కటే. 1977 నవంబరు 19, శనివారం. పదిహేను ఇరవై అడుగుల ఎత్తున సముద్రం లేచి మైళ్ళ దూరం లోపలికి పొర్లింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ చుట్టుపక్కల పల్లెలకు పల్లెలే తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కలోనే పోయినవాళ్ళు 10,000 దాకా. మా వైపు ఆ లెక్కను ఒప్పుకునేవాళ్ళు తక్కువ. నేనప్పుడు బడికెళ్ళే పిల్లవాణ్ణి. మాది డాబా ఇల్లు కాబట్టి నీళ్ళు రాగానే మెట్లెక్కి పైకి పోయాం. తెల్లారాక చూస్తే తుమ్మ కంపల్లో పశువులూ మనుషులూ కలిసి చిక్కుకుని ఉన్నారు.

మా పెద్దల్లో కొందరు "ఏ జన్మ పుణ్యమో, బతికి బట్టకట్టాం" అనేవారు. మమ్మల్ని కాపాడింది ఇటుకా సిమెంటూ. పోయినవాళ్ళలో ఎక్కువమంది తాటాకు పాకల్లో ఉన్నవాళ్ళు: పల్లెకారులు, యానాదులు, మాలమాదిగ పేటల కూలిజనం. పుణ్యం ఇంటి కప్పును చూసి వస్తుందా?

అయినా కర్మ సిద్ధాంతాన్ని అంత తేలిగ్గా తోసిపుచ్చలేను. దాన్ని కట్టినవాళ్ళు ఈ ప్రశ్నను చూడకుండా మొహం తిప్పుకున్నవాళ్ళు కారు. బ్రహ్మసూత్రాలు రెండో అధ్యాయం మొదటి పాదంలో దేవుడి మీద రెండు నేరాలు మోపి మరీ విచారిస్తాయి. ఒకటి వైషమ్యం, అంటే పక్షపాతం. రెండోది నైర్ఘృణ్యం, అంటే దయలేనితనం. ఒకరిని సుఖంలోనూ ఒకరిని దుఃఖంలోనూ పుట్టించేవాడు పక్షపాతి కాడా, అందరినీ చంపేవాడు క్రూరుడు కాడా అని అడిగి, ఆయన జీవుల కర్మను బట్టి చేస్తాడని సమాధానం చెబుతాయి. శంకరులు అక్కడ వానను ఉదాహరణగా తెస్తారు. వాన అన్నిటికీ ఒకటే. వరి వరిగా, యవలు యవలుగా మొలవడానికి కారణం విత్తనం. మరి మొట్టమొదటి కర్మ ఎక్కడిది అంటే, సంసారానికి మొదలే లేదని జవాబు. చదువుకునే రోజుల్లో ఈ వాదాన్ని తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా కన్నం దొరకలేదు.

కానీ ఆ ముసలామె ఎదుట నిలబడి, నీ బిడ్డల విత్తనమే అలాంటిదమ్మా అనడానికి నోరెలా వస్తుంది? అన్న మరుక్షణం పోయిన పసివాళ్ళు ముద్దాయిలవుతారు. ఏ జన్మలో ఏం చేశారో వాళ్ళకు తెలియదు, తల్లికి తెలియదు, చెప్పే నాకూ తెలియదు. నా కష్టానికి నా కర్మే కారణమని నేననుకుంటే అందులో ఓర్పు ఉంది, నన్ను నేను దిద్దుకోవాలన్న బుద్ధి ఉంది. అదే మాట ఎదుటివాడి కష్టం మీద పెడితే తీర్పు అయిపోతుంది. ఆ తీర్పు చెప్పే అధికారం పురాణం చెప్పేవాడికి ఎవరిచ్చారు?

ఈ పొరపాటు మహానుభావులకూ తప్పలేదు. 1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చి వేలమంది పోయారు. అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అన్నారు గాంధీజీ. రవీంద్రనాథ్ టాగూర్ ఊరుకోలేదు. ప్రకృతి ఉత్పాతానికి నీతిని ముడిపెట్టడం తగదని ఖండించారు. ఆ ఖండనను గాంధీజీ తన 'హరిజన్' పత్రికలోనే అచ్చు వేశారు. గాంధీజీ మీద నా గౌరవం ఎంతటిదో మా వాళ్ళకు తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో నేను టాగూర్ పక్షం. సముద్రం అంటరానితనాన్ని శిక్షించదలుచుకుంటే ముందుగా ఎవరి ఇళ్ళ మీద పడాలి? మా దగ్గర ఎవరి పాకల మీద పడిందో చూసినవాణ్ణి నేను.

మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు గనుక చెడు పుట్టిందనే వాదం హంతకుడి విషయంలో నిలుస్తుందేమో, తుఫానుకు అతకదు. అంతా ఆయన లీల అనే మాటను మాత్రం నేను పలకను. పసివాళ్ళు ఊపిరాడక పోయిన రాత్రిని ఆట అనలేను.

ఇంకో సంగతి ఉంది. 1990 మే నెలలో దాదాపు అంతటి తుఫానే మళ్ళీ మా కృష్ణా తీరాన్నే తాకింది. ఈసారి ముందుగానే లక్షల మందిని తరలించారు. ఉప్పెన తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లు ఉన్నాయి. చనిపోయినవాళ్ళు వెయ్యిలోపు. అదీ తక్కువేం కాదు. కానీ పదివేలకూ వెయ్యికీ నడుమ ఉన్న ఆ ప్రాణాలు 1977లో ఎవరి ఖాతాలో పోయినట్టు? మొదటిసారి దేవుడికి దయ లేదనీ, రెండోసారి దయ కలిగిందనీ అంటే వినడానికే బాగోలేదు. మధ్యలో మారింది మన రోడ్లు, మన రేడియో హెచ్చరికలు, పేదవాడి ప్రాణం మీద మనకున్న లక్ష్యం. దేవుడి మీద వేసే నిందలో పెద్ద వాటా మనది.

వాటా తీసేశాక కూడా మిగిలేది ఉంది. అన్ని జాగ్రత్తలూ తీసుకున్న ఇంట్లో పసిబిడ్డకు కేన్సర్ వస్తుంది. అక్కడ షెల్టరు లేదు, నిర్లక్ష్యం లేదు. ఆ మిగిలినదానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకుండానే నేను దేవుణ్ణి నమ్ముతున్నాను. ఎవరికెంత దుఃఖమో తూచి పంచే పద్దుల దేవుణ్ణి నమ్మడం ఉప్పెన తర్వాత నా వల్ల కాలేదు. మొర పెట్టుకోవడానికి ఉన్న దేవుణ్ణి వదలడమూ నా వల్ల కాలేదు.

మన పెద్దలు నాకు ఈ చోటు ఉంచారు. అరణ్యపర్వంలో ద్రౌపది సృష్టికర్తను నిలదీస్తుంది. బొమ్మల్ని ఆడించినట్టు ప్రాణుల్ని ఆడిస్తున్నాడనీ, తల్లిదండ్రుల్లా చూడడంలేదనీ అంటుంది. ఇది నాస్తికుల మాట అంటాడు ధర్మరాజు. తాను ఫలం ఆశించి ధర్మం చేయడం లేదనీ, ధర్మంతో బేరం చేసేవాడు అధముడనీ చెబుతాడు. చాలా గొప్ప మాట. అయితే వ్యాసుడు ద్రౌపది మాటల్ని కుదించలేదు, ఆమె నోరు నొక్కలేదు. ధర్మరాజు సమాధానంతో పాటు ఆమె నిందనూ వేల ఏళ్ళుగా పారాయణ చేస్తున్నాం.

అంత దూరం ఎందుకు, మా దివిసీమ కవి కాసుల పురుషోత్తమకవి ఉన్నాడు. మా పక్కనే కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్ర మహావిష్ణువు మీద ఆంధ్రనాయక శతకం రాశాడు. నిందాస్తుతి అది. పైకి తిట్టు, లోపల భక్తి. హంసలదీవి గోపాలుడి మీదా శతకం చెప్పాడు. కృష్ణమ్మ కడలిలో కలిసే చోటు ఆ హంసలదీవి. ఉప్పెన వచ్చింది ఆ కడలి నుంచే. దేవుణ్ణి ముఖాముఖి అడగడం మా నేలకు కొత్త కాదని ఆ కవిని చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

ఆ ముసలామెతో ఆ రోజు ఇదంతా చెప్పలేదు. "ఎందుకు వినపడలేదో నాకు తెలీదమ్మా. నువ్వు ఆయన్నే అడుగు, గట్టిగా అడుగు" అన్నాను. తర్వాత కూడా ఆమె పురాణానికి వస్తూనే ఉంది. గజేంద్ర మోక్షం రోజున మాత్రం రాదు. రమ్మని నేను కబురు పెట్టను.

చావు జరిగిన ఇళ్ళలో గరుడ పురాణం చదవమని నన్ను పిలుస్తుంటారు. పిల్లలు పోయిన ఇంట్లో యమలోకపు శిక్షల అధ్యాయాలు చదవను. ద్రౌపది ఘట్టం చదువుతాను, దేవుణ్ణి తిట్టాలనిపిస్తే తిట్టండని తల్లిదండ్రులకు చెబుతాను. ఈమధ్య ఒక ఇంట్లో పెద్దాయన ఒకరు అడ్డుపడ్డారు, ఆ తల్లి ఎదుటే. "అపచారం కాదుటండీ?" అన్నారు. గోల్కొండ చెరసాలలో రామదాసు నగల ఖర్చు లెక్కలు చెప్పి రాముణ్ణి తిట్టిన తిట్లు మీ ఇంట్లో శ్రీరామనవమికి పాడుకోవడం లేదా అని అడిగాను. ఆయన ఇంకేదో అనబోయారు. ఈలోగా ఆ తల్లి, "ఇందాకటి చోటు నుంచి మళ్ళీ చదవండి" అంది.